తాడు గుంజితే స్టార్టు కాని ఇంజను

మా బావకి ఎల్లారెడ్డి దగ్గర నాలుగెకరాలుంది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీని రోజుల్లో ఓ చిన్న పెట్రోలు ఇంజను, దాంతో బెల్టు మీద తిరిగే పంపు కొన్నాడు. రెండొందల సీసీ లోపు, తాడు గుంజి స్టార్టు చేసే రకం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగ్గంటల కరెంటు మొదలయ్యాక దాంతో పని పడలేదు. బావి పక్క గదిలో గోనెసంచి కప్పుకుని పడుకుంది.

దాన్ని నిద్రలేపింది మా అల్లుడు. (మా వైపు మేనల్లుణ్ణి అల్లుడనే అంటాం. నాకు పెళ్ళీడు కూతురు లేదు, కంగారు పడకండి.) వాడు కామారెడ్డిలో డిప్లొమా చదువుతున్నాడు. వాడి చదువు కోసమే అక్కావాళ్ళు అక్కడ ఇల్లు అద్దెకి తీసుకున్నారు. 2025 వేసవిలో ఆ ఇంజనుతో గోకార్టు చేస్తానన్నాడు. ఇంట్లో అందరూ తిట్టారు. ఎగదోసింది నేనొక్కణ్ణే. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన, రేసు కార్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తూ, గడ్డి కోసే మిషన్ల కోసం చేసిన వెస్ట్ బెండ్ ఇంజను తెచ్చి ఇనుప పైపుల చట్రానికి బిగించాడు, మొట్టమొదటి గోకార్టు అదే, అది లాన్‌మోవర్ ఇంజనైతే ఇది మీ నాన్న పంపు, తేడా ఏముంది అన్నాను. డబ్బులూ పంపాను. ఆఫీసు ఔటింగుల్లో కొంపల్లి వైపు రెండుసార్లు కార్టు నడిపిన అనుభవం మరి!

ఇక మార్పులు. ఎయిర్ ఫిల్టరు డబ్బా పీకేసి, మోటార్‌సైకిళ్ళకి కుర్రాళ్ళు పెట్టుకునే కోను ఫిల్టరు పెట్టాం. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కావాలి కాబట్టి కార్బురేటర్లో పెద్ద జెట్టు వేశాం. గవర్నరు లింకు ఊడదీశాం. ఇలాంటి ఇంజన్లని గవర్నరు 3600 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచుతుంది, అది లేకపోతే పగ్గం తెంపుకున్న కోడె. మలుపు తిరిగినప్పుడల్లా ఇంజను ఆగిపోతోందని అల్లుడు ఆయిలు సెన్సరు వైరు కత్తిరించాడు. ఆయిలు తగ్గితే స్పార్కు ఆపేసే ఏర్పాటది. మలుపులో ఆయిలు ఓ పక్కకి పోతే, లేదనుకుంటుంది పాపం.

నేను కూడా ఏదో ఒకటి చెయ్యాలి కదా. ఫ్లైవీలు విప్పి, లోపలి తుప్పు గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాను. ఆ నట్టుకి సుమారు 75 న్యూటన్ మీటర్ల టార్కు కావాలని తర్వాత చదివాను. అప్పుడు టార్కు రెంచీ లేదు. పానా పెట్టి, పానా మీద సుత్తితో నాలుగు దెబ్బలేసి, అయిపోయిందన్నాను.

కొన్నాళ్ళకి బండి ముందుకన్నా బాగా దూకడం మొదలెట్టింది! జెట్టు మహిమని వాడు, ఫిల్టరు మహిమని నేను. ఒక్కటే తంటా, స్టార్టు కాదు. పదిహేను గుంజుళ్ళు, ఇరవై గుంజుళ్ళు. తాడు బరువు. అప్పుడప్పుడూ ఇంజనే తాడుని చేతిలోంచి వెనక్కి లాక్కునేది. "నీకు చోకు వెయ్యడం రావట్లేదురా" అని వాడికి చెప్పి నేను హైదరాబాదు వచ్చేశాను. టెస్టరు బగ్గు చూపిస్తే "నా మెషీన్లో పనిచేస్తోందే" అంటాం చూడండి, అచ్చం అదే.

2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఆరోజు కామారెడ్డిలో కురిసిన వాన సంగతి మీకు తెలిసే ఉంటుంది. కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి, భిక్కనూరు తలమడ్ల మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆపేశారు. అక్కావాళ్ళింట్లో కింది గది మోకాలి లోతు మునిగింది. ఏడాదికి పెట్టుకున్న బియ్యం బస్తాలు అందులోనే, అక్క కుట్టుమిషనూ అందులోనే. బతుకమ్మకని జనాలిచ్చిపోయిన జాకెట్టు ముక్కలు రెండు సంచులు.

రాత్రి బావకి పంపు గుర్తొచ్చింది. తండ్రీ కొడుకూ కార్టు నుంచి ఇంజను విప్పి, టార్చిలైటు వెలుగులో పంపుకి బెల్టేసి, తాడు గుంజడం మొదలెట్టారు. నేను ఫోన్లో ఉన్నాను, "చోకు సగం పెట్టు, ఇప్పుడు పూర్తిగా తియ్యి" అంటూ హైదరాబాదులో పొడి సోఫాలో కూచుని సలహాలిస్తున్నాను. ముప్ఫయ్యో సారో ఏమో, బావ అరుపు వినపడింది. తాడు వెనక్కి కొట్టింది. మణికట్టు ఎముక చిట్లింది. నీళ్ళు తెల్లారాక వాటంతట అవే తగ్గేదాకా ఉన్నాయి.

దారులు తెరిచిన వారానికి నేను వెళ్ళాను. బావ చేతికి పిండికట్టు. అక్క జాకెట్టు ముక్కలు ఉతికి దండెం మీదేసింది, రంగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒక్కో ఇంటికీ వెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది. నన్నెవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఇంజనుని ఆటోట్రాలీలో వేసుకుని నేనూ అల్లుడూ లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయాం. స్ప్రేయర్లూ పంపులూ బాగుచేసే పెద్దాయన ఒకడున్నాడక్కడ, ఈ ఇంజను పుట్టినప్పట్నుంచీ ఎరిగినవాడు. చూడగానే మొహం అదోలా పెట్టాడు.

"ఏమేం మార్చిన్రు సార్? ఏది ముందుగాల, ఏది ఎనక?"

ఏమేం మార్చామో చెప్పాం. వరస మాత్రం ఇద్దరం రెండు రకాలుగా చెప్పాం. పదిహేనేళ్ళుగా కోడు రాసి బతుకుతున్నవాణ్ణి, ఒక్క కామా మార్చినా ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని రాసిపెట్టేవాణ్ణి. ఈ ఇంజనుకి చిత్తుకాగితం కూడా లేదు.

ఆయన ముందు ట్యాంకులో పెట్రోలు గాజు సీసాలోకి వంపి ఎండలో పెట్టాడు. కాసేపటికి అడుగున వేరే పొర తేలింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు కదా, అది నీటిని పీల్చుకుంటుంది, మోతాదు దాటితే రెండూ కలిసి కిందకి దిగిపోతాయి. ఇంజను తాగేది ముందు ఆ అడుగు సరుకే. "దొరికింది మామా!" అని అల్లుడు గంతేశాడు. నాకూ గుండె మీంచి బండ దిగినట్టయింది. వాననీళ్ళు కారణమైతే తప్పు వానది.

కార్బురేటరు కడిగి, కొత్త పెట్రోలు పోశాడు. ప్లగ్గు విప్పి చూస్తే స్పార్కు నీలంగా, చటచటమంటోంది. అంతా బాగుంది. తాడు గుంజాడు. ఫట్మని వెనక్కి కొట్టింది. ఆయన చెయ్యి ముందే వదిలేశాడు, అనుభవం.

వాల్వుల గ్యాపు కొలిచాడు. ఎగ్జాస్టుది 0.20 మిల్లీమీటర్లుండాలి, దానికి రెట్టింపుంది. స్టార్టయ్యే వేగంలో కామ్‌షాఫ్టు మీది ఓ చిన్న మీట ఎగ్జాస్టు వాల్వుని కాస్త ఎత్తి కంప్రెషన్ వదులుతుంది, అందుకే తాడు తేలిగ్గా వస్తుంది. గ్యాపు పెరిగితే ఆ మీటకి వాల్వు అందదు. తాడు బరువెందుకో తెలిసింది. కానీ కొట్టడమెందుకు?

"ఫ్లైవీలు ఎవరు ఇప్పిన్రు?" అన్నాడు.

అల్లుడు నా వైపు చూశాడు. నేను పెట్రోలు సీసా వైపు చూశాను.

నట్టు విప్పడానికి పెద్దాయనకి పెద్దగా బలం అక్కర్లేకపోయింది. ఫ్లైవీలు లాగి, అర్ధచంద్రంలా ఉండే చిన్న ఇనప ముక్క తీసి నా అరచేతిలో పెట్టాడు. మ్యాగ్నెట్ కీ. మధ్యలో మెట్టు పడింది, మిల్లీమీటరు కూడా ఉండదు. అది బరువు మోసేది కాదట, చోటు చూపించేది మాత్రమే. పట్టంతా షాఫ్టు ఏటవాలుదీ, నట్టుదీను. నట్టు వదులైతే ఫ్లైవీలు కాస్త ముందుకి జరుగుతుంది, దాని మీది అయస్కాంతం కాయిల్ని ముందే దాటుతుంది, పిస్టను పైకి రాకముందే మంట లేస్తుంది. వేగంగా తిరిగేటప్పుడు ఆ తొందర మంచిదే, బండి దూకింది అందుకే. మెల్లగా తాడుతో తిప్పేటప్పుడు మాత్రం ఆ మంట పిస్టన్ని వెనక్కి తంతుంది. జెట్టు మహిమా కాదు, ఫిల్టరు మహిమా కాదు.

కొత్త కీ వేసి, లెక్క ప్రకారం బిగించి, వాల్వులు సరిచేసి, పాత ఫిల్టరు డబ్బా తగిలించాడు. సెన్సరు వైరు అతికాడు. గవర్నరు కలపందే ఇంజను ఇవ్వనన్నాడు. పోత ఇనుము ఫ్లైవీలు హద్దు మీరి తిరిగితే పగుల్తుంది, ముక్క ఎవరికి తగుల్తుందో చెప్పలేం అన్నాడు. అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. రెండో గుంజుడుకి స్టార్టయింది.

తిరిగి కామారెడ్డి వచ్చేసరికి పొద్దుగూకింది. బావ గడపలో కూచునున్నాడు. దారి పొడుగునా కూడగట్టుకున్నది చెప్పేశాను. "బావా, వాన కాదు, పిల్లగాడు కాదు. ఆ నట్టు బిగించింది నేను."

"ఎరుకే" అన్నాడు. "నువ్వు సుత్తెతోని కొట్టంగ నేను దర్వాజ కాడ్నే ఉన్న."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఇంజినీరువు గదా అని ఊకున్న."

అక్క లోపల్నుంచి నవ్వింది. ఆ జాకెట్టు ముక్కల డబ్బులు నేనిస్తానంటే మాత్రం నవ్వలేదు, తీసుకోలేదు కూడా. కొత్త గుడ్డ కొని ఎవరికి వాళ్ళకి కుట్టిస్తానంది, మాటపడ్డది తాను కాబట్టి.

మొన్న అల్లుడు ఫోను చేశాడు. విదేశాల్లో కార్టు రేసువాళ్ళు కావాలనే కీని ఓ నాలుగు డిగ్రీలు జరిపి పెట్టుకుంటారని ఎక్కడో చదివాడట, పికప్పు కోసం. "మనం ఎరుక లేకుండనే చేసినం మామా!" అని ఒకటే సంబరం. పంపు జోలికి వెళ్ళొద్దన్నాను. వెళ్ళడట, తుక్కు కొట్లో పాత స్కూటరు ఇంజను చూసొచ్చాడట, డబ్బులు కావాలట. టార్కు రెంచీకి సహా లెక్క రాసి పంపమన్నాను.