ముట్టరాని పెట్టె

ఒక్క క్షణము మీ అరచేతిని వెల్లకిల చాపుడు. ఈ వాక్యము ముగియులోపల ఆకాశమునుండి దిగిన సూక్ష్మకణములు కొన్ని ఆ చేతిని దూరి నేలలోనికి పోయినవి. నొప్పి లేదు, చప్పుడు లేదు. ఇంటి కప్పుగూడ వానికి అడ్డము కాదు. వీనిని మ్యూయానులందురు.

అంతరిక్షమునుండి మహావేగముతో వచ్చు ప్రోటానులు మన వాయుమండలమును తాకినప్పుడు, కాగిన మూకుటిలో జొన్నలు పేలినట్లు, ఒక్క దెబ్బకు అనేక కణములు పుట్టును. మ్యూయానులు ఆ సంతతిలోనివే. మ్యూయాను ఆయువు సెకనులో పదిలక్షలవ వంతునకు రెండింతలకంటె కొంచె మెక్కువ. ఆ లెక్కను అది 700 మీటర్లయినను సాగరాదు. అయినను సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టి మన ముంగిటికి చేరుచున్నది. అతివేగముగా పోవుదానికి కాలము మెల్లగా నడచునని ఐన్‌స్టైను చెప్పినదానికి ఇది నిదర్శనము.

1912లో విక్టర్ హెస్ బెలూనులో పైకెక్కి, ఎత్తు పెరిగినకొలది ఈ కిరణములు హెచ్చునని కనుగొనెను. 1932లో పాజిట్రాను, 1936లో మ్యూయాను, 1947లో పయాను ఈ కిరణములయందే దొరకినవి. తరువాత మానవుడు తానే కణములను ఢీకొట్టించు యంత్రములను కట్టెను. జెనీవాకడ 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రమునందు 2012లో హిగ్స్ కణము బయటపడెను. ఇంత చేసియు మనకు తెలిసిన పదార్థము విశ్వములో నూటికి అయిదు పాళ్లు మాత్రమే. మిగిలినదేమో తెలిసికొనుటకే ఈ ప్రయాస యంతయు.

ఈ ప్రయాసతో మా జహీరాబాదునకు సంబంధమేమని మీరడుగవచ్చును. టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము 1969 నుండి హైదరాబాదున నున్నది. అక్కడ పలుచని ప్లాస్టిక్ బెలూనులలో హైడ్రోజను నింపి, పరిశోధన పరికరములు కట్టి, 30 కిలోమీటర్లకు పైబడిన ఎత్తునకు పంపుదురు. పని తీరిన పిమ్మట పరికరము పారాచూటుతో ఎక్కడనో పొలములలో దిగును. మా యూరు హైదరాబాదునుండి షోలాపూరు పోవు దారిలో నున్నది. అందుచేత చలికాలమున, కందిచేలు కోతకు వచ్చు దినములలో, పత్రికలలో వచ్చు ప్రకటన మాకు క్రొత్త కాదు. “ఆకాశమునుండి దిగిన పెట్టె కనబడినచో ముట్టకుడు, తెరువకుడు, దగ్గరి పోలీసు ఠాణాకు తెలుపుడు” అని దాని సారాంశము.

ఈ హెచ్చరిక న్యాయమైనదే. లోపలి పరికరము చెడినచో ఎన్నో యేండ్ల శ్రమ నేలపాలగును. శాస్త్రజ్ఞుల కష్టము కడకు చేనిలో కందులు కోయు స్త్రీ వివేకముపై ఆధారపడియున్నదన్న మాట. ఆమెకు మనము కృతజ్ఞులము కావలదా?

అయితే ఈ ప్రకటనను విని మా యింటి బాలిక యొకతె, “మనము ముట్టరాదు సరే, తెరచువారిలో ఆడవారుందురా?” అని యడిగినది. ఆమెకు మేము బిభా చౌధురి కథ చెప్పితిమి. ఈమె కలకత్తాలో దేవేంద్రమోహన బోసుతో కలిసి, డార్జిలింగు కొండలపై ఫోటో పలకలనుంచి, వానిపై కాస్మిక్ కిరణములు గీసిన గీతలను పరిశీలించి, మెసానుల బరువును లెక్కగట్టెను. వారి వ్యాసములు 1941లో ‘నేచర్’ పత్రికయందు వెలువడినవి. యుద్ధకాలమున అంతకు మేలైన పలకలు దొరకక ఆ పని నిలిచిపోయెను. మేలైన పలకలతో ఇంగ్లండున అట్టి కృషియే చేసిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ బహుమానము వచ్చెను. 1949లో బిభా టాటా సంస్థలో చేరెను. ఆమె పేరు ఒక నక్షత్రమున కిడుట 2019లో జరిగెను. అప్పటికి ఆమె గతించి 28 ఏండ్లు.

బాలిక కొంతసేపు మాటాడక, “పలకలు దొరకియున్నచో?” అని మాత్రమన్నది. మాకు బదులు తోచలేదు.

ముట్టకుమను మాట మన ఆడుబిడ్డలు పుట్టినది మొదలు వినుచునేయున్నారు. పొలములోని పెట్టె విషయమున ఆ మాటను తప్పక పాటింపవలెను. కాని బడిలోని ప్రయోగశాల తలుపునొద్దగూడ వారు ఆగిపోవలసిన పని లేదు. ఈ సంవత్సరము ప్రకటన వచ్చినపుడు మీ బిడ్డలకు చదివి వినిపింపుడు. భౌతికశాస్త్రము చదివెదనని ఏ బిడ్డయైన అడిగినచో, ఖర్చు లెక్క రేపు చూచుకొనవచ్చును, ముందు సరేయనుడు.