బోర్డు మార్చక్కర్లేదురా తమ్ముడూ

కొత్త కంప్యూటర్ కొంటానని తమ్ముడు సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌కి బయల్దేరుతుంటే ఆపాను. వాడిది ఏఎండీ బి450 బోర్డు. 2018లో వచ్చిన చిప్‌సెట్. అయినా 2022 నాటి రైజెన్ 5 5600 దాని మీద హాయిగా నడుస్తుంది, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలు. అదీ పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి. మర్చిపోతే కొత్తది పెట్టాక తెర వెలగదు. డీడీఆర్4 ర్యామ్ కూడా అలాగే పనికొస్తుంది, ఎంత డబ్బు మిగులుతుందో!

బోర్డు కొనాల్సి వస్తే మాత్రం, చవక వాటిల్లో నేను ముందు చూసేది ప్రాసెసర్ పక్కన కరెంటు అందించే భాగం. దాని మీద హీట్‌సింక్ లేకపోతే పెద్ద ప్రాసెసర్ పెట్టనివ్వను. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే ఇంకా మంచిది. మెరిసే లైట్లకు రూపాయి కూడా దండగే.

రాత్రి ఇద్దరం కూర్చుని బయోస్ మార్చాం. రేపు ప్రాసెసర్ ఒక్కటే కొనడానికి వెళ్తున్నాం.