గ్రౌండు - ఒక నానార్థ పదం

'హరి' అనే శబ్దానికి విష్ణువు, సింహము, కోతి, కప్ప, పాము ఇత్యాదిగా అనేకార్థాలు ఉన్నవని తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుతారు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే చిక్కు రాదా అని అడుగుతారు. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుందని మేము సమాధానం చెప్తుంటాము. అయితే ఒక అర్థానికి బదులు మరొక అర్థం తీసుకుంటే ప్రాణం మీదికి వచ్చే నానార్థ పదం ఒకటి ఉన్నది. అది మా నిఘంటువులలో లేదు. ఆ పదం 'గ్రౌండు'.

మా తమ్ముడు గిటారు వాయిస్తాడు. ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయరు వాడికి రుచించదు. ట్యూబుల ఆంప్లిఫయరును గట్టిగా వాయించినప్పుడు స్వరం చీలే తీరులో ఒక మాధుర్యం ఉన్నదని వాడి వాదం. కొనే స్తోమత లేదు గనుక ఇంట్లోనే తయారు చేయ సంకల్పించి, అమెరికాలోని ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ సంస్థ 1950లలో తయారు చేసిన 'చాంప్' అనే చిన్న ఆంప్లిఫయరు పటాన్ని నమూనాగా తీసుకున్నాడు. అందులో ఉన్నవి మూడే ట్యూబులు. గిటారు నుండి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచడానికి 12ఏఎక్స్7, స్పీకరును కదిలించడానికి 6వి6, ఆల్టర్నేటింగు విద్యుత్తును డైరెక్టు విద్యుత్తుగా మార్చడానికి 5వై3. శక్తి సుమారు 5 వాట్లు మాత్రమే. అంతేనా అని చిన్నచూపు చూడరాదు. పక్కింటివారు కిటికీలు మూసుకొనడానికి అది చాలు.

మా భౌతికశాస్త్ర సహోపన్యాసకులు దయతో ఆదివారాలు వచ్చి దారి చూపారు. పటం చదవడం, టంకం పెట్టడం మేమూ కొంత నేర్చుకున్నాము. మొదటిసారి స్విచ్చి వేసిననాడు గిటారు కంటె ముందు ఒక మోత వినిపించింది, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్లు. తమ్ముడు గిటారు లావు తీగ మీద మూడవ మెట్టు నొక్కి మీటి, "భాయిజాన్, మోత కూడా ఇంచుమించు ఇదే స్వరం" అన్నాడు. వాడి చెవి సరియైనదే. ఆ మెట్టు మీద పలికే స్వరం సెకనుకు 98 కంపనాలు. మన దేశపు విద్యుత్తు 50 కంపనాలది. రెక్టిఫయరు దాని రెండు అర్ధభాగాలనూ వాడుకుంటుంది గనుక అక్కడ పుట్టే అలజడి 100. ట్యూబులను వేడిచేసే తీగల నుండి సంక్రమించే మోత అయితే 50, అంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. రోగం ఎక్కడ ఉన్నదో స్వరమే కొంత చెప్పేస్తుందన్నమాట.

బజారులో రేడియోలు బాగుచేసే మిస్త్రీ ఒకాయనను అడుగగా, "ప్లగ్గులో ఎర్తు వైరు పీకేయండి, పోతుంది" అన్నాడట. తమ్ముడు స్క్రూడ్రైవరు కూడా తీశాడు. మా సహోపన్యాసకులు వాడి చేయి పట్టుకొని ఆపి, "బాబూ, నీవు పీకబోయే గ్రౌండు వేరు, మోత పెడుతున్న గ్రౌండు వేరు" అన్నారు.

ఆ మాటతోనే మాకు విషయం బోధపడటం మొదలైంది. ఇంగ్లండువారు ఎర్తు అంటారు, అమెరికావారు గ్రౌండు అంటారు. మన మిస్త్రీలు రెండూ అంటారు. కాని ఆ పెట్టెలో ఆ పేరు గలవి మూడు. గోడ సాకెట్టు నుండి నిజంగా నేలలోకి, ఉప్పూ బొగ్గూ నింపిన గుంటలోకి పోయే తీగ ఒకటి. ట్యూబులు బిగించిన ఇనుప పళ్లెం, అంటే ఛాసీ, రెండవది. స్వరాన్ని మోసిన విద్యుత్తు పని ముగించుకొని తిరిగివచ్చే బాట మూడవది. ఈ మూడవ దానికి మట్టితో ఏ సంబంధమూ లేదు. ఆకాశంలో ఎగిరే విమానంలోని రేడియోకు కూడా అది ఉంటుంది.

మోత పుట్టేది ఈ మూడవదానిలో. తమ్ముడు ఏ భాగానికి ఏ చోటు దగ్గరైతే అక్కడే ఛాసీకి టంకం పెట్టాడు. తీగ తీగే కదా, అంతా ఒకటే కదా అని వాడి తర్కం. కాని రాగితీగకు కూడా కాస్త నిరోధం ఉంటుంది. జానెడు సన్నతీగకు ఓములో నూరవ వంతు అనుకుందాము. మొదటి ఫిల్టరు కెపాసిటరు నిండేటప్పుడు విద్యుత్తు నిలకడగా పారదు. సెకనుకు నూరుసార్లు దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఒక్కొక్క దెబ్బ 300 మిల్లీఆంపియర్లు అయితే ఆ జానెడు తీగ చివరల మధ్య 3 మిల్లీవోల్టులు నిలుస్తాయి. అదే జానెడు తీగను మొదటి ట్యూబు కూడా తన తిరుగుబాటగా వాడుకుంటే, ఆ 3 మిల్లీవోల్టులు గిటారు స్వరంతో కలిసిపోతాయి. మొదటి మెట్టే దానిని సుమారు ముప్పై రెట్లు చేస్తుంది. తరువాత సంగతి చెప్పనక్కరలేదు.

కనుక ట్రాన్స్‌ఫార్మరు మధ్య తీగను, మొదటి ఫిల్టరు కెపాసిటరు రుణధ్రువాన్ని నేరుగా ఒకదానితో ఒకటి కలిపి, ఆ దెబ్బలు అక్కడికక్కడే తిరిగేటట్లు చేశాము. ఆ పక్కన 6వి6 బాట, దాని తరువాత 12ఏఎక్స్7 బాట, చివర గిటారు జాకు. అక్కడ ఒక్కచోట మాత్రమే ఛాసీకి బంధం. ట్యూబులను వేడిచేసే 6.3 వోల్టుల తీగలు రెండింటిని జడ అల్లినట్లు గట్టిగా మెలివేసి ఛాసీ మూలలోకి నెట్టాము.

షీల్డు వైరు సంగతి తమాషాగా ఉన్నది. లోపల స్వరం మోసే తీగ, చుట్టూ అల్లిన రాగి వల. మంచిదన్నారు కదా అని తమ్ముడు ప్రతిచోటా అదే వాడబోయాడు. అది కావలసినది గిటారు జాకు నుండి మొదటి ట్యూబు గ్రిడ్డు వరకు, వాల్యూము నియంత్రణ వరకు మాత్రమే. వలను ఒక్క కొసనే కట్టాలి. రెండవ కొసను కత్తిరించి గొట్టం తొడగాలి. రెండు కొసలూ కడితే వల తానే మరొక తిరుగుబాట అవుతుంది. పైగా దానికి మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు ఉంటుంది; పొడుగు పెరిగినకొద్దీ స్వరంలోని తళుకు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మరు వెదజల్లే అయస్కాంత క్షేత్రాన్ని ఈ వల ఆపలేదు. దానికి మందు దూరమే. రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి బిగించడం కూడా మందే.

ఇంత చేసిన తరువాత స్వరం పూర్తిగా పెంచినా మోత గదిలోని ఫ్యాను చప్పుడుకు లోబడింది. ఎర్తు తీగ ప్లగ్గులోనే ఉన్నది.

ఆ తీగ చేసే పని ఏమిటి? లోపల 300 వోల్టుల పైన ఉంటుంది. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి ఉంటుంది, అది వేరే ప్రమాదం. ఏనాడైనా ట్రాన్స్‌ఫార్మరు తొడుగు చెడి మెయిన్సు ఛాసీని తాకితే, ఎర్తు తీగ ఆ విద్యుత్తును లాక్కొనిపోతుంది, ఫ్యూజు కాలిపోతుంది. ఆ తీగ లేకపోతే ఛాసీ నిశ్శబ్దంగా ఎదురుచూస్తూ ఉంటుంది. గిటారు తీగలు జాకు ద్వారా ఆ ఛాసీకే కలిసి ఉంటాయి, వాయించేవాని వేళ్లు ఆ తీగల మీదనే ఉంటాయి. మోత లేదు గనుక అంతా బాగున్నదనే అనుకుంటాడు. 1972 మే 3న వేల్సులోని స్వాన్సీ నగరంలో 'స్టోన్ ద క్రోస్' బృందపు గిటారిస్టు లెస్ హార్వే ఎర్తు లేని మైకును తాకి వేదిక మీదనే మరణించాడు. 'యార్డ్‌బర్డ్స్' గాయకుడు కీత్ రెల్ఫ్ 1976 మే నెలలో తన ఇంట్లో, ఎర్తు సరిగా లేని గిటారు వాయిస్తూ పోయాడు.

రెండు యంత్రాలు కలిపినప్పుడు ఒకదాని ఎర్తు పీకితే మోత తగ్గడం కొన్నిసార్లు నిజమే. మిస్త్రీ సలహా అందుకే ఇంతగా వ్యాపించింది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ మోతకు మందు స్వరపు బాటలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి రెండింటినీ విడదీయడం. ప్లగ్గులో ఎర్తు పిన్నును పొడుగుగా చేసినవారు అది ముందుగా తగలాలని, చివరగా విడిపోవాలనే అలా చేశారు.

వార్షికోత్సవంలో తమ్ముడు ఈ పెట్టెతో వాయించనున్నాడు. అందుకని ఎలక్ట్రీషియనును పిలిపించి సభామందిరపు సాకెట్లు పరీక్ష చేయించాము. ఆరింటిలో నాలుగు బాగున్నవి. వేదికకు ఎడమ వైపు రెండింటికి మూడవ రంధ్రం ఉన్నది గాని, దాని వెనుక తీగ లేదు. మైకుసెట్టు ఇన్నాళ్లూ పెడుతున్నది వాటికే. తీగ వేయించవలసినదిగా కమిటీ వారికి అర్జీ సమర్పించాము. పని పూర్తి అయ్యే వరకు ఆ రెండు సాకెట్ల మీద కాగితం అంటించి ఉంటుంది. విద్యార్థులు దానిని చింపవద్దు.