పత్తికొండలో ఒక నీళ్ల తొట్టి

ఆదోని నుండి పత్తికొండకు బస్సులో వచ్చేవారికి దారి పొడవునా మెట్టచేలు, వాటి నడుమ అక్కడక్కడ రాతిగుట్టలు కనిపిస్తాయి. వాన కురిస్తే వేరుశనగ, పత్తి, ఆముదం, టమోటా. కురవకుంటే ఊళ్లకు ఊళ్లే మూటాముల్లె కట్టుకుని వలసపోతాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాల కోసం తలలు వంచి వెదికే మనుషులను చూడటానికి దూరప్రాంతాల వారు వింతగా వస్తారు. కాని ఈ నేలపై పుట్టి పెరిగిన వారెవరిని అడిగినా, వజ్రం కంటే బిందెడు నీళ్లే విలువైనవని చెబుతారు.

ఈ ఊరి చరిత్రలో కూడా ఒక బావి ఉంది. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో పర్యటనలో ఉండగా కలరా సోకి 1827 జులై 6న పత్తికొండలోనే మరణించాడు. ఆయన దేహాన్ని గుత్తికి తీసుకుపోయి ఖననం చేశారు, తరువాత మద్రాసుకు తరలించారు. ఆయన స్మృత్యర్థం నాటి ప్రభుత్వం ఇక్కడ ఒక తోపు నాటించి, రాతి మెట్ల బావి త్రవ్వించింది. పాలకుని మంచిచెడ్డలు చరిత్రకారులు తేల్చవలసినవి. అయితే, దాహంతో వచ్చేవారికి నీరు, అలసినవారికి నీడ దొరకాలన్న ఆలోచన మాత్రం మంచిది. ఒక ప్రాణిని ఎలా జ్ఞాపకం ఉంచుకోవాలి అన్న ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తిన రోజున, మాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ బావే.

మేము జ్ఞాపకం ఉంచుకోవలసిన ప్రాణి గవర్నరు కాదు, ఒక పిల్లి.

పదకొండేళ్ల క్రితం, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకుని టమోటా మార్కెట్ మీదుగా వస్తున్నాము. ఆ వారం ధర పడిపోయి, రైతులు కిరాయి ఖర్చులు కూడా రాక సరుకును రోడ్డు పక్కనే పారబోసి వెళ్లిన రోజులవి. ఖాళీ బాక్సుల కుప్ప వద్ద ఒక హమాలీ మమ్మల్ని ఆపాడు.

"సాబూ, ఇది రాత్రి నుంచి అరుస్తాండాది. తల్లి యాడికి పాయనో ఏమో. లారీ కింద పడి సస్తాది. నువ్వన్నా తీస్కపో."

బాక్సు అడుగున, నలిగిన పండ్ల నడుమ, వాటి రంగులోనే ఒక పిల్లికూన వణుకుతున్నది. ఒక కన్ను పుసితో మూసుకుపోయింది. నిజం చెప్పాలంటే, మాకు దానిని ఎత్తుకోవాలనిపించలేదు. ఒంటి మీద నమాజు బట్టలు ఉన్నాయి, ఇంట్లో ఇరుకు ఉంది, పైగా మద్రసాలో పిల్లలు ఉన్నారు. కారణాలన్నీ వరుసగా మనసులోకి వచ్చాయి. అయితే అదే వారం మా తరగతిలో పిల్లి ఎంగిలి గురించిన పాఠం నడుస్తున్నది. నోటితో పాఠం చెప్పి కాళ్లతో దాటిపోవడానికి సిగ్గు వేసింది. భుజం మీది తువాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాము.

ఇంట్లో మా శ్రీమతి చూసి, "ఏమండీ, కూరకు టమోటాలు తెమ్మంటే దీన్ని తెచ్చారా?" అన్నారు. గోరువెచ్చని నీటిలో దూది ముంచి ఆ కన్ను తుడిచింది మాత్రం ఆమే. మద్రసా పిల్లలు సంగతి విని దానికి 'టమాటర్' అని పేరు పెట్టారు. మేము వేరే పేరు ఆలోచించేలోగా అది ఆ పేరుకు తల ఎత్తి చూడటం నేర్చుకున్నది.

ఆ పాఠం సంగతి పాఠకులకు కూడా చెప్పాలి. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఒకరోజు వుజూ కోసం నీళ్లు పెట్టించుకున్నారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. ఆయన అది సుఖంగా తాగేందుకు వీలుగా పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూడగా, పిల్లి అపరిశుద్ధమైనది కాదనీ, అది మీ ఇళ్లలో మీ చుట్టూ తిరుగుతూ ఉండే వాటిలోనిదనీ దైవప్రవక్త (సల్లం) చెప్పిన మాటను ఆయన వినిపించారు. ఈ ఉల్లేఖనం మువత్తాలోనూ, అబూదావూద్, తిర్మిజీ మొదలైన గ్రంథాలలోనూ ఉంది. పిల్లి ఎంగిలి నీరు పరిశుద్ధమే అయినా దానిని వాడటం మక్రూహ్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) వద్ద ఆ కరాహత్ కూడా లేదు. టమాటర్ మా వుజూ చెంబులో మూతి పెట్టిన ప్రతిసారీ, మా శ్రీమతి "ఈ రోజు మీరు ఏ ఇమామ్ మాట మీద ఉన్నారు?" అని నవ్వేవారు.

అది ఫజ్ర్ అజాన్‌కు ముందే లేచి మా మంచం చుట్టూ తిరిగేది. మేము లేవకుంటే దుప్పటి అంచు గోళ్లతో లాగేది. హిఫ్జ్ పిల్లలు వరుసగా కూర్చుని ఊగుతూ వల్లె వేస్తుంటే, ఎండ పడే గుమ్మం దగ్గర పడుకుని చెవులు ఆడిస్తూ ఉండేది. ఇల్లు విడిచి కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి రాత్రి ఏడిస్తే, వాడి పక్కకు చేరి పడుకునేది. మేము చెప్పే ఓదార్పు మాటల కంటే అదే వాడికి ఎక్కువ నిద్ర పట్టించేది.

ఒకసారి ఒక విద్యార్థి అడిగాడు: "హజ్రత్, దైవప్రవక్త (సల్లం) వారికి ముఇజ్జా అనే పిల్లి ఉండేదట. అది నిద్రపోతుంటే లేపడం ఇష్టం లేక అంగీ చేతిని కత్తిరించారట. నిజమేనా?" వినడానికి ఎంతో మనోహరంగా ఉండే కథ. కాని దానికి నమ్మదగిన సనద్ ఏదీ హదీసు గ్రంథాలలో లేదు. ప్రేమతోనైనా సరే, ప్రవక్త (సల్లం) చేయని పనిని ఆయనకు అంటగట్టరాదు. రుజువైన మాటలే మనకు చాలు. అందరి కంటే ఎక్కువ హదీసులు ఉల్లేఖించిన సహాబీని లోకం ఏ పేరుతో పిలుస్తున్నది? 'అబూ హురైరా', అంటే పిల్లికూన తండ్రి. అంతకంటే అందమైన కథ మనకు ఎందుకు?

ఇక మా తప్పు చెప్పుకోవాలి. చెప్పకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

కొన్నేళ్ల క్రితం షాబాన్ నెలలో మద్రసా వార్షిక సెలవులు మొదలైన రోజున, కితాబుల గదికి తాళం వేసి, బంధువుల నికాహ్ కోసం ఎమ్మిగనూరు వెళ్లాము. నడివేసవి. అది ఎప్పటిలాగే ఊరంతా తిరిగి వస్తుందిలే అనుకున్నాము. లోపల చూడలేదు. రెండు రోజుల తరువాత తిరిగి వచ్చి తలుపు తీస్తే, టమాటర్ అడుగు అల్మారాలో మిష్కాత్ ప్రతుల వెనుక పడి ఉంది. తలుపు చెక్క మీద అడుగున గోళ్ల గీతలు ఉన్నాయి. అది మా వైపు చూడకుండా, తూలుతూ, తిన్నగా చెంబు దగ్గరకు వెళ్లి చాలాసేపు తాగింది. తాగిన తరువాత వచ్చి మా పాదాలకు తల రాసింది.

పిల్లిని కట్టివేసి, అన్నం పెట్టక, నీళ్లు పెట్టక, నేల మీది పురుగు పుట్రను పట్టుకుని తినడానికైనా వదలక చంపిన స్త్రీ అందువల్ల నరకానికి పోయిందన్న హదీసు బుఖారీలో, ముస్లింలో ఉంది. మిష్కాత్‌లోనూ ఉంది. పాతికేళ్లుగా దానిని బోధిస్తున్నాము. ఆ స్త్రీని మేము ఎప్పుడూ క్రూరురాలిగానే ఊహించుకున్నాము. ఆ రోజు, ఆ గుమ్మం మీద నిలబడి, ఆమె కేవలం మరిచిపోయిన మనిషి అయి ఉంటే ఎలా అని మొదటిసారి భయపడ్డాము. ఉద్దేశపూర్వకంగా చేసిన దానికీ మరపుకూ అల్లాహ్ వద్ద భేదం ఉందని మాకు తెలుసు. అయితే మూసిన తలుపు వెనుక ఉన్న ప్రాణికి ఆ భేదం తెలియదు. నాటి నుండి ఏ గదికి తాళం వేసినా, ముందు లోపలికి వెళ్లి వంగి చూడటం మాకు అలవాటైంది.

గత ఏడాది అది చిక్కిపోసాగింది. ఎంత తాగినా దాహం తీరేది కాదు. పశువైద్యుడు పరీక్షించి, మూత్రపిండాలు చెడిపోయాయని, వయసు మీరిన పిల్లులకు ఇది తరచుగా వచ్చేదేనని అన్నాడు. నాటి రెండు రోజుల దాహానికీ ఈ రోగానికీ సంబంధం ఉందా అని అడిగాము. అన్నేళ్ల కిందటి సంగతి దీనికి కారణం అనుకోనక్కరలేదని సమాధానం చెప్పాడు. సమాధానం విన్నాము గాని, సమాధానపడలేదు. చివరి పది రోజులు మా శ్రీమతి రాత్రిపూట లేచి చెంచాతో నీళ్లు పట్టారు. ఒక శుక్రవారం అసర్ తరువాత, ఎండ పడే ఆ గుమ్మం దగ్గరే అది కన్ను మూసింది. పిల్లలు వేపచెట్టు కింద గొయ్యి తీశారు. జంతువుకు జనాజా నమాజు లేదు, మేమూ ఏ కొత్త ఆచారం చేయలేదు. మట్టి కప్పి, చేతులు కడుక్కుని, మగ్రిబ్‌కు వెళ్లాము.

మరుసటి రోజు తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు పాఠం మధ్యలో అడిగాడు: "హజ్రత్, టమాటర్ జన్నత్‌కు పోతుందా?"

పెద్దపిల్లలు నవ్వారు. మేము నవ్వవద్దన్నాము. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయి వాడు దిగులుగా ఉంటే, దైవప్రవక్త (సల్లం) వాడిని పెద్దవారిని పిలిచినట్లు పిలిచి, నీ పిట్ట ఏమైందని పలకరించారు. రాజ్యభారం, దైవసందేశ భారం మోస్తున్న మహనీయులు ఒక బాలుని పిట్ట కోసం ఆగారు. ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు ఈ ఒక్క హదీసు నుండే 60కి పైగా ప్రయోజనాలు తీసి పుస్తకం వ్రాశారు. మాకు ఆ రోజు కావలసింది ఒక్కటే: ప్రాణి పోయినందుకు దుఃఖించే బిడ్డను చూసి నవ్వరాదు.

వాడికి ఇలా చెప్పాము: "జంతువులు కూడా మనవంటి సమూహాలేనని, అవన్నీ తమ ప్రభువు వద్దకు సమీకరించబడతాయని ఖుర్ఆన్‌లోని అన్‌ఆమ్ సూరాలో ఉంది. కొమ్ములు లేని మేకకు కొమ్ముల మేక నుండి న్యాయం ఇప్పించే రోజు అది. ఆ తరువాత వాటి సంగతి అల్లాహ్‌కు తెలుసు. టమాటర్‌కు లెక్క అడిగే పాపం ఏదీ లేదు. లెక్క చెప్పవలసింది మనమే."

"మరి మళ్లీ చూడమా?"

"జన్నత్‌లో మనసు కోరినదల్లా దొరుకుతుందని అల్లాహ్ వాగ్దానం. ముందు నీవు అక్కడికి చేరే పని చూసుకో. చేరాక అడుగు."

వాడు కళ్లు తుడుచుకుని, ఆపిన చోటి నుండి ఆయతు అందుకున్నాడు.

ఆ తరువాతి సెలవు రోజున పిల్లలను గుత్తి దారిలోని ఎర్రగుడికి తీసుకువెళ్లాము. అక్కడ గుట్ట మీది బండలపై అశోకుని శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. మా పత్తికొండ మండలంలోని రాజుల మందగిరిలోనూ ఆయన చిన్న శాసనం ఉంది. ఎర్రగుడి శాసనాలలో ఒకటి మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేసినట్లు, దారుల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు తెలుపుతుంది. ఆ నీరు, ఆ నీడ మనిషికీ పశువుకూ ఉమ్మడిగా ఉద్దేశించినవి. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దపు మాట. బండ ఎండకు కాలుతుండగా పిల్లలు తెచ్చుకున్న సీసాలలో నీళ్లు అయిపోయాయి. "హజ్రత్, ఇప్పుడు ఆ బావి ఉంటే బాగుండేది" అన్నాడు ఒకడు.

అప్పుడు వారికి ఇంకొక బావి గురించి చెప్పాము. దాహంతో నాలుక వెళ్లబెట్టి బావి చుట్టూ తిరుగుతున్న కుక్కను చూసి, చెడు నడతగల ఒక స్త్రీ తన మేజోడు విప్పి ఓణీతో కట్టి నీళ్లు తోడి పోసింది. ఆ ఒక్క పనికి అల్లాహ్ ఆమెను క్షమించాడు. పిల్లి దాహం ఒక స్త్రీని నరకానికి చేర్చగా, కుక్క దాహం మరొక స్త్రీకి క్షమాపణ తెచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని మేము ఈ రెండు హదీసుల మధ్య మా స్థానం ఎక్కడా అని లెక్క వేసుకున్నాము. లెక్క తేలలేదు. చేయవలసిన పని మాత్రం తేలింది.

ఇప్పుడు మద్రసా గోడ బయట, వేపచెట్టు నీడలో ఒక రాతి తొట్టి ఉంది. దాని మీద పేరు ఏదీ చెక్కించలేదు. ఉదయం ఫజ్ర్ తరువాత, సాయంత్రం అసర్ తరువాత వంతుల ప్రకారం ఇద్దరు పిల్లలు దానిని కడిగి నింపుతారు. మార్కెట్ వైపు నుండి మేకలు వస్తాయి, కుక్కలు వస్తాయి, కాకులు వస్తాయి. బండ్ల ఎద్దులు కూడా ఆగుతాయి. మొన్న ఒక బూడిదరంగు పిల్లి వచ్చింది. తొట్టి అంచు దానికి అందలేదు. ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడు పరుగున వెళ్లి, తన వుజూ చెంబు తెచ్చి, దాని ముందు వంచి పట్టుకుని నిలబడ్డాడు.

మేము వాడికి ఆ పాఠం ఇంకా చెప్పలేదు. వాడి తరగతికి అది వచ్చే ఏడాది వస్తుంది.