మామిడి చెట్టు వాళ్లు, బాదం చెట్టు వాళ్లు

చీమల గురించి తెలుగు వాచకంలో చదివినా, హిందీ వాచకంలో చదివినా చివరికి వచ్చే మాట ఒకటే: చీమలను చూసి ఐకమత్యం నేర్చుకోవాలి. తొమ్మిదో తరగతి వాళ్లం ఆరుగురం కలిసి జూలై నుంచి జనవరి వరకు మన స్కూల్లోని ఎర్రచీమలను గమనించాం. ఐకమత్యం ఉన్న మాట నిజమే. కానీ అది ఎక్కడిదాకా ఉంటుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది మాకు ఏ వాచకంలోనూ కనిపించలేదు. మా ఆరు నెలలూ దాని వెంటే గడిచాయి.

ఆరుగురిలో తెలుగువాళ్లం ముగ్గురం. మిగతావాళ్లలో ఒకరిది బెంగాలీ, ఒకరిది తమిళం, ఒకరిది ఒడియా. వాళ్లు చూసినవి, చెప్పినవి కూడా కలిపి తెలుగు విభాగానికి మేము రాస్తున్నాం.

అసెంబ్లీ గ్రౌండ్ పక్కన ఉన్న పెద్ద మామిడి చెట్టు మీకు తెలుసు. దాని కింద లైన్‌లో నిలబడిన పిల్లల మెడ మీద ఎర్రచీమలు పడుతుంటాయి. జూలైలో రెండో తరగతి పాపకు కంటి రెప్ప మీద కుట్టి, కన్ను మూసుకుపోయేంతగా వాచింది. చెట్టంతా మందు కొట్టించాలని అనుకున్నారు. బయాలజీ మేడమ్ కొంచెం గడువు అడిగారు. ఎన్ని చెట్ల మీద ఉన్నాయి, ఏ కొమ్మల మీద ఉన్నాయి, అన్నీ ఒకే గుంపా కాదా అనే లెక్క తేల్చమని మాకు అప్పజెప్పారు. అంటే చెట్టు మీది చీమలు ఉండాలా పోవాలా అన్నది మా నోటుబుక్ మీద ఆధారపడింది. ఇంత బాధ్యత గల ప్రాజెక్టు మాకు ఎప్పుడూ రాలేదు.

కుట్టడం అంటాం గాని ఈ చీమకు ముల్లు లేదు. దవడలతో కొరికి, పొట్ట చివరి నుంచి ఆ గాటులోకి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. మంట అందుకు. దీని శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్దినా. 1775లో ఫాబ్రిషియస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరులో రెండో మాట ఇది. స్మరాగ్దినా అంటే మరకతం రంగుది అని. మన మరకతం, ఆ గ్రీకు మాట చుట్టాలేనట. ఎర్రచీమకు పచ్చల పేరేమిటని మేము నవ్వుకున్నాం. తర్వాత తెలిసింది, ఈ జాతిలో రాణి ఆకుపచ్చగా ఉంటుంది.

గూడు కట్టడం చూడాలంటే ఓపిక ఉండాలి. చీమలు ఒక ఆకు అంచు మీద వరసగా నిలబడి, పక్క ఆకును దవడలతో పట్టి లాగుతాయి. ఆకు దూరంగా ఉంటే ఒక చీమ నడుమును ఇంకో చీమ, దాని నడుమును మరొకటి పట్టుకుని గొలుసు కడతాయి. ఆకులు దగ్గరయ్యాక కొన్ని చీమలు తమ పిల్లలను, అంటే తెల్లటి పురుగుల్లా ఉండే లార్వాలను, నోట కరుచుకుని తెస్తాయి. లార్వా నోటి నుంచి పట్టుదారం వస్తుంది. పెద్ద చీమ దాన్ని జిగురు ట్యూబులా పట్టుకుని ఈ ఆకుకీ ఆ ఆకుకీ తాకిస్తూ పోతుంది. చాలా జాతుల చీమల లార్వాలు ఆ దారంతో తమ చుట్టూ గూడు అల్లుకుంటాయి. ఇక్కడ దారమంతా ఇంటికే ఖర్చవుతుంది, లార్వా మాత్రం ఏ కప్పూ లేకుండా ప్యూపా అవుతుంది. మా ఆరుగురికీ అన్నింటికన్నా నచ్చిన విషయం ఇదే.

మామిడి మీద ఇరవైకి పైగా గూళ్లు లెక్కపెట్టాం. కొన్ని పచ్చగా, కొన్ని ఆకులు ఎండిపోయి ఖాళీగా ఉన్నాయి. ఆకు ఎండితే చీమలు కొత్త గూటికి మారిపోతాయి. క్వార్టర్ మారినట్టే, సామాను బదులు పిల్లల్ని మోసుకుపోతాయి. సాధారణంగా ఇన్ని గూళ్లకూ కలిపి ఒకే రాణి. అది ఒక గూట్లో ఉండి గుడ్లు పెడుతుంది, పనిచీమలు వాటిని మిగతా గూళ్లకు చేరవేస్తాయి. ఒక కాలనీ పది, పన్నెండు చెట్ల దాకా వ్యాపించి, లక్షల చీమలతో ఉండవచ్చు.

గేటు దగ్గర నాటు బాదం చెట్టు మీద కూడా ఇవే చీమలు, ఇవే గూళ్లు. అన్నీ ఒకటే అని మాలీ భయ్యా అన్నాడు. చూద్దామని మామిడి చీమను ఒకదాన్ని పుల్ల మీద ఎక్కించి బాదం కొమ్మ మీద దించాం. మొదట వచ్చిన చీమ మీసాలతో దాన్ని తడిమింది. వెంటనే ఆరేడు చీమలు చేరి కాళ్లు తలో వైపు లాగి, పరుపు మీద గుడ్డ పరిచినట్టు చాపి పట్టుకున్నాయి. మామిడి మీదే ఈ చివరి కొమ్మ నుంచి ఆ చివరి కొమ్మకు దించిన చీమను మాత్రం తడిమి వదిలేశాయి. ఇలా మూడు సార్లు చేసి ఆపేశాం. మ్యాప్‌కు అది చాలింది. మామిడి, దాని పక్క సపోటా ఒక కాలనీ. గేటు బాదం ఇంకో కాలనీ. మధ్యలో ప్రహరీ గోడ మీద నాలుగైదు అడుగుల మేర ఎవరివీ కాని జాగా.

మీసాలతో తడిమి చూసేది వాసన. ప్రతి చీమ ఒంటి మీదా మైనం లాంటి పూత ఉంటుంది. ఆ పూతలోని రసాయనాల పాళ్లు కాలనీకి కాలనీకి తేడా. అదే వాటి టీసీ, అదే ఐడీ కార్డు. ఆస్ట్రేలియాలో ఒక గంతులేసే సాలీడు ఈ చీమల లార్వాలను తిని, అదే వాసన ఒంటికి పట్టించుకుని, గూట్లోనే ఎవరూ అడ్డుపెట్టకుండా తిరుగుతుందట. దొంగ టీసీ అన్నమాట.

ఆ దేశంలోనే కొందరు పరిశోధకులు ఈ చీమలు ఎవరి మీద ఎక్కువ కోపంగా ఉంటాయో పరీక్షించి 2010లో ప్రకటించారు. ఎక్కడో దూరపు కాలనీ చీమ వస్తే కొంచెం తక్కువ కోపం. పక్క కాలనీ చీమ వస్తే మాత్రం ఊరుకోవు. కొత్త మనిషి ఒక్కడు వచ్చిపోతాడు, పక్కవాడు రోజూ జాగా కోసం తోస్తాడు గదా. క్వార్టర్స్‌లో నీళ్ల ట్యాంకు మీద జరిగే గొడవలు గుర్తొచ్చాయి మాకు.

సరిహద్దు దగ్గరి గూళ్లలో ఉండేవి వయసు మీరిన చీమలు. పిల్లల్ని, రాణిని చూసే పని లోపల వయసులో ఉన్నవాటిది. హోల్‌డోబ్లర్, విల్సన్ అనే ఇద్దరు ఈ జాతుల మీద చాలా ఏళ్లు పనిచేశారు. వాళ్ల చీమల పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది. పనిచీమలన్నీ ఆడవే కాబట్టి సరిహద్దు కాపలా మొత్తం అమ్మమ్మలదే.

మగ చీమల సంగతి ఇంకా విచిత్రం. ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి మగ చీమ పుడుతుంది, జరిగిన గుడ్డు నుంచి ఆడది. కాబట్టి మగ చీమకు తండ్రి ఉండడు, తల్లివైపు తాత మాత్రం ఉంటాడు. ఈ లెక్క క్లాసులో చెబితే ఎవరూ నమ్మలేదు, బోర్డు మీద వేసి చూపాల్సి వచ్చింది. వానలు మొదలయ్యాక రెక్కల రాణులు, మగవి గూడు వదిలి ఎగురుతాయి. మగవి త్వరలోనే చచ్చిపోతాయి. రాణి రెక్కలు రాల్చుకుని, ఏదో ఆకు చాటున గుడ్లు పెట్టి, తిండికి బయటికి పోకుండా తన ఒంట్లోని కండనే కరిగించి మొదటి పిల్లలకు పెడుతుంది. ఎగిరినవాటిలో చాలా వాటిని పక్షులు, బల్లులు, వేరే చీమలు తినేస్తాయి. కొత్త ఊళ్లో కాపురం పెట్టడం అంత కష్టం వాటికి.

ఈ కష్టమేమీ లేని చీమలు మన టిఫిన్ బాక్సుల్లో ఉన్నాయి. తల నల్లగా, ఒళ్లు పాలిపోయి, ఒకటిన్నర మిల్లీమీటరు ఉండే చీమ. నలిపితే పాడైన కొబ్బరి వాసన. దాని పేరు టాపినోమా. దీని కాలనీలో చాలామంది రాణులు ఉంటారు. ఒక రాణి కొందరు పనివాళ్లను వెంటబెట్టుకుని నడిచి వెళ్లిపోతే అదే కొత్త కాలనీ. పూలకుండీ, ఫైళ్ల కట్ట, సూట్‌కేసు మడత, ఏదైనా ఇల్లే. మనం విశాఖ నుంచి ఓడలో మూడు రోజులు వచ్చినట్టే ఇవీ మనుషుల సామానుతో సముద్రాలు దాటి ప్రపంచమంతా పాకాయి. పక్క గూటి వాళ్లతో ఇవి కొట్లాడవు కూడా. మొదట మాకు ఇవే మంచి చీమలు అనిపించాయి. అచ్చం మన బ్యాచే.

కానీ జావాకు దక్షిణాన మనలాంటి ద్వీపమే ఒకటి ఉంది, క్రిస్మస్ ద్వీపం. మనుషులతో పాటు అక్కడికి చేరిన పసుపు రంగు పిచ్చిచీమలు కూడా ఇలాగే గూటికీ గూటికీ మధ్య కొట్లాట లేని జాతి. 1989లో అక్కడ వాటి మహా కాలనీలు బయటపడ్డాయి. హద్దులు లేవు, హద్దుల దగ్గర చచ్చేవి లేవు, కాబట్టి సంఖ్యకు అంతు లేదు. అడవిలో నడిచే ఎర్ర పీతలను కోటికి పైగా చంపాయి. చివరికి చీమలకు తీపి ద్రవం ఇచ్చే పొలుసు పురుగులను తగ్గించడానికి 2016 డిసెంబరులో మలేషియా నుంచి తెచ్చిన చిన్న కందిరీగలను వదిలారు. నికోబార్‌లో కొబ్బరి పీతలు ఉన్న మనం ఈ కథను దూరపు కథగా చదవలేకపోయాం. తమలో తాము కొట్టుకునే ఎర్రచీమలు మామిడి చెట్టు దాటి పెద్దగా పోలేదు. తమలో తాము కొట్టుకోని చీమలు ఒక ద్వీపాన్ని ఆక్రమించాయి. ఐకమత్యం పాఠంలో ఈ సంగతి ఎక్కడ పెట్టాలో మాకు తెలియదు. మా మేడమ్ కూడా నవ్వి ఊరుకున్నారు.

మందు సంగతికి వస్తే, మాలీ భయ్యా మాటలోనూ నిజముంది. ఎర్రచీమలు తీపి ద్రవం కోసం పిండినల్లులను కాపాడతాయి. కానీ ఆకులు తినే గొంగళి పురుగులను, నల్లులను తరిమేస్తాయి. చైనాలో దాదాపు 1700 ఏళ్ల కిందటే ఈ చీమల గూళ్లను సంతలో కొని నారింజ చెట్లకు కట్టేవారు. చెట్టు నుంచి చెట్టుకు నడవడానికి వెదురు వంతెనలు వేసేవారు. మా ఒడియా స్నేహితురాలు ఇంకొకటి చెప్పింది. వాళ్ల మయూర్‌భంజ్‌లో వీటితో చేసే కాయి చట్నీకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది. రుచి చూశావా అంటే, పులుపు, ఘాటు, అన్నంలో బాగుంటుంది అంది. మేమింకా ధైర్యం చేయలేదు.

సెప్టెంబరులో మ్యాప్ ఇచ్చాం. లైన్ మీదికి వంగే కొమ్మలు రెండే, వాటిపై నాలుగు గూళ్లు. ఆ రెండు కొమ్మలు కొట్టించి, రెండో తరగతి లైన్‌ను ఫ్లాగ్ వైపు జరిపారు. మందు కొట్టలేదు. కన్ను వాచిన పాప ఇప్పుడు ఇంటర్వెల్‌లో వచ్చి గొలుసు కట్టాయా అని అడుగుతుంది.

మా ఆరుగురిలో ముగ్గురికి ఏప్రిల్‌లో టీసీ. ఒకరు విశాఖకు, ఒకరు జబల్‌పూర్‌కు, ఒకరికి ఇంకా ఆర్డర్ రాలేదు. నోటుబుక్ బయాలజీ ల్యాబ్‌లో రెండో అల్మారాలో పెట్టాం. రెక్కల రాణులు ఎప్పుడు ఎగురుతాయో మేము రాసుకోలేకపోయాం, జూలైలోనే మొదలుపెట్టాం గనుక. మే నెలలో మొదటి పెద్ద వాన పడిన రాత్రుల్లో వరండా ట్యూబ్‌లైటు దగ్గర అంగుళానికి కొంచెం తక్కువ పొడవున్న ఆకుపచ్చ చీమ కనిపిస్తే తారీఖు, టైము అందులో రాయండి. చివరి ఎనిమిది పేజీలు ఖాళీగా ఉన్నాయి.