గంభీరావుపేట తొవ్వలో ఆడ-మగ వరి

యాసంగి వరి పూతకొచ్చే రోజులు. ఎండ చుర్రుమంటోంది. సిరిసిల్ల దాటి గంభీరావుపేట వైపు వెళ్తుంటే ఓ పొలం దగ్గర బండి ఆపాల్సి వచ్చింది. ఇద్దరు మనుషులు చెరో గట్టున నిలబడి, పొడవాటి తాడును వరి కంకుల మీదుగా ఈడ్చుకుపోతున్నారు. తాడు తగిలిన చోటల్లా సన్నటి పసుపు దుమారం!

‘ఏం చేస్తున్నారమ్మా?’ అనడిగితే గట్టు మీద కూర్చున్న పెద్దామె నవ్వింది. ‘ఆడ-మగ వరి బిడ్డా. మగదాని పుప్పొడి ఆడదాని మీద పడాలె. ఉత్త గాలి సాలదు, అందుకే దులుపుతున్నరు’.

వరిలో ఆడేమిటి, మగేమిటి? మామూలు వరిలో ఒకే పువ్వులో రెండూ ఉంటాయి. తన పుప్పొడితో తనే గింజ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే అది కుదరదు. అందుకే పుప్పొడి పనిచేయని రకాన్ని ‘ఆడ’ వరుసలుగా, పుప్పొడినిచ్చే మరో రకాన్ని ‘మగ’ వరుసలుగా నాటుతారు. రెండూ ఒకేసారి పూయాలి కాబట్టి నార్లు వేర్వేరు రోజుల్లో పోస్తారు. పూలు విచ్చుకునే వేళ చూసి, మధ్యాహ్నం లోపు తాడు లాగుతారు. కేళీలు కనిపిస్తే పీకేస్తారు. చివరికి మగ వరుసలను ముందే కోసి పక్కన పెడతారు. ఆడ వరుసల గింజే విత్తనం.

చైనాలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి 1970లో హైనాన్ దీవిలో దొరికిన ఓ అడవి వరి మొక్కతో ఈ కథ మలుపు తిరిగింది. మన దేశంలో తొలి హైబ్రిడ్ వరి వంగడాలు 1994లో వచ్చాయి. వాటిలో మన మారుటేరు పరిశోధన కేంద్రానివీ ఉన్నాయి. పాత కరీంనగర్, వరంగల్ జిల్లాలు ఈ విత్తనోత్పత్తికి పెట్టింది పేరు.

‘మరి మీరూ ఇదే విత్తనం వేసుకుంటారా?’ అంటే పెద్దామె తల అడ్డంగా ఊపింది. ‘ఇది కంపెనీకి పోతది. దీంతోని పండిన వడ్లు దాసి మల్ల ఏస్తే తీరొక్క తీరు మొలుస్తయ్. పూత టైముకు వాన కొట్టిందా... మా కష్టం మట్టిల గలిసినట్టే’.

పొద్దు వాలాక గంభీరావుపేటలోని తన ఇంటికి తీసుకెళ్లింది. ఈ మండలంలోని నర్మాల దగ్గరే నిజాం కాలంలో మొదలైన ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. ఊళ్లో సీతారామస్వామి గుడి ఉంది. అక్కడి నందాదీపం 700 ఏళ్లుగా ఆరలేదని ఊరివాళ్లు చెబుతారు.

ఇంటి వెనక దడి మీద బీర, ఆనప, గుమ్మడి తీగలు. ఇక్కడా ఆడ-మగ పూలే! పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. తాడు లాగే పనంతా తేనెటీగల్లాంటి కీటకాలే చూసుకుంటాయి. తీగకే ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, బూడిద కలిపి ఎండు ఆనప బుర్రలో దాచింది పెద్దామె. ‘అమ్ముతారా?’ అంటే కోప్పడింది. ‘ఇత్తనం అమ్ముకుంటరా బిడ్డా! ఈ బీర మా ఆడిబిడ్డ ఇచ్చింది. నా గుమ్మడి ఆమె తీస్కపోయింది’.

2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా ఆ మాటే అంటుంది. రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరుతో మాత్రం అమ్మకూడదు. జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రం ఇచ్చిన ‘జగిత్యాల సన్నాలు’ లాంటి సూటి రకాలైతే కేళీలు ఏరుకుంటూ రెండు మూడేళ్లు సొంత విత్తనమే వాడుకోవచ్చు. హైబ్రిడ్‌కు మాత్రం ఏటా సంచి కొనాల్సిందే. ఆ సంచిలోని విత్తనాన్ని తన చేత్తో పండించే రైతుకైనా సరే!

దిగుబడి కావాలి, కాదనలేం. కానీ ఆరని దీపానికైనా రోజూ ఎవరో ఒకరు నూనె పోయాలి కదా. విత్తనమూ అంతే. ఏటా ఎవరో ఒకరు దాచాలి, ఇంకొకరికి ఇవ్వాలి.

బయల్దేరుతుంటే పాత కాగితంలో గుప్పెడు బీర గింజలు పొట్లం కట్టిచ్చింది. ‘కాస్తే ఒక కాయ కోయకుండ ఇడిశిపెట్టు. పక్కింటోళ్లకు ఇయ్యాలె’.