చివరి కొయ్య చూస్తే ఓడ తెలుస్తుంది

పాతకాలపు తెరచాప ఓడను గుర్తుపట్టాలంటే ముందు కొయ్యలు లెక్కపెట్టాలి, తర్వాత చాపలు ఎటు కట్టారో చూడాలి. కొయ్యకు అడ్డంగా బిగించిన దూలాల నుంచి వేలాడేవి అడ్డచాపలు. ఓడ నిడివి వెంబడి సాగేవి నిడివిచాపలు. వెనక నుంచి వీచే గాలిని అడ్డచాపలు నిండుగా పడతాయి. ఎదురుగాలికి వాలుగా పోవడానికి నిడివిచాపలు మేలు. వాటికి తక్కువ మంది చాలు.

మూడు కొయ్యలకూ అడ్డచాపలుంటే అది ఫుల్ రిగ్డ్ షిప్. చివరి కొయ్యకు అవి లేకపోతే బార్క్. మొదటి కొయ్యకు మాత్రమే ఉంటే బార్కెంటైన్. రెండే కొయ్యలుండి రెండింటికీ ఉంటే బ్రిగ్, అన్నీ నిడివిచాపలే అయితే స్కూనర్. ఫుల్ రిగ్డ్ షిప్‌కు కూడా చివరి కొయ్య అడుగున ఒక నిడివిచాప ఉంటుంది. అందుకే ఆ కొయ్య మీద అడ్డదూలాలు ఉన్నాయా లేవా అన్నదే అసలు గుర్తు. రేవులో చాపలు విప్పేసినా ఆ గుర్తు పోదు.

ఇంగ్లండులో ఈ ఓడలు చూస్తూ నేను సాగిన దారి లండన్‌లోని గ్రీనిచ్‌లో మొదలైంది. అక్కడి కటీ సార్క్ ఫుల్ రిగ్డ్ షిప్. 1869లో స్కాట్లండులోని డంబార్టన్‌లో, చైనా తేయాకును వేగంగా తేవడానికి కట్టారు. ఇనుప చట్రం, దానికి చెక్క పలకలు, నీటి అడుగు భాగానికి ఇత్తడి రేకులు. కానీ ఓడ నీటిలోకి దిగిన నెలలోనే సూయజ్ కాలువ తెరుచుకుంది. ఆ దగ్గరిదారి ఆవిరి ఓడలకు దక్కింది, తేయాకూ వాటి వెంటే పోయింది. కటీ సార్క్ ఆస్ట్రేలియా ఉన్ని మోస్తూ దక్షిణ సముద్రాల గాలుల్లో తన వేగాన్ని నిరూపించుకుంది. 1895లో పోర్చుగీసువారు కొని ఫెరీరా అని పేరు మార్చారు. 1916లో తుఫానుకు కొయ్యలు పోతే, కేప్‌టౌన్‌లో బార్కెంటైన్‌గా మార్చారు. ఓడ అదే, రూపం వేరు! 1922లో కెప్టెన్ విల్‌ఫ్రెడ్ డౌమన్ కొని పాత రూపానికి తెచ్చాడు. 2007 అగ్నిప్రమాదం తర్వాత మరమ్మతు జరిగి, 2012లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఓడను పైకెత్తి నిలిపారు. కింద నిలబడి అడుగు భాగపు సన్నని వంపు చూస్తే దాని వేగం వెనక ఉన్న పనితనం అర్థమవుతుంది.

యుద్ధనౌకలకు ఇంకో గుర్తు ఫిరంగి కిటికీల వరుసలు. పోర్ట్స్‌మౌత్‌లోని హెచ్‌ఎంఎస్ విక్టరీకి మూడు వరుసలు, 104 ఫిరంగులు. 1765లో నీటిలోకి దిగిన ఈ ఓడ మీదే 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ మరణించాడు. అదే రేవులోని హెచ్‌ఎంఎస్ వారియర్‌కు కొయ్యలతోపాటు పొగగొట్టాలు కూడా ఉంటాయి. 1860 నాటి ఆ ఇనుప నౌకలో చాపల కాలమూ ఆవిరి కాలమూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ దారిలో నా మనసు నిలిచిపోయింది మాత్రం ఈశాన్య తీరంలోని హార్టిల్‌పూల్‌లో. అక్కడ నీటిలో తేలుతున్న హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ ఫ్రిగేట్ తరగతిది, అంటే ప్రధాన ఫిరంగులన్నీ ఒకే అంతస్తులో ఉండే వేగవంతమైన యుద్ధనౌక. మూడు కొయ్యలకూ అడ్డదూలాలుంటాయి. దాన్ని కట్టింది బొంబాయిలో, ఓడలు కట్టే వాడియా కుటుంబానికి చెందిన జంషెడ్జీ బొమన్‌జీ ఆధ్వర్యంలో, మలబారు టేకుతో. బ్రిటన్‌లో ఓక్ కలప కొరతగా ఉన్న రోజులవి. నమూనా చిత్రాలతో బయల్దేరిన హెచ్‌ఎంఎస్ జావా 1812లో బ్రెజిల్ తీరంలో అమెరికన్లకు చిక్కడంతో మళ్లీ గీసి పంపాల్సి వచ్చింది. 1817 అక్టోబరు 12న ఓడ నీటిలోకి దిగింది. అణియం మీద తలపాగా చుట్టుకున్న భారతీయుడి బొమ్మ ఉంటుంది. టేకులోని సహజమైన నూనె చెక్కను చీడ నుంచీ తడి నుంచీ కాపాడుతుంది. రెండు శతాబ్దాలు దాటినా ఓడ నిలిచిందంటే ఆ కలపదీ, ఆ వడ్రంగులదీ గొప్పతనం.

ఇలాంటి ఓడను మన దేశంలో చూడదలచినవారికి కొచ్చి కేంద్రంగా నడిచే నౌకాదళ శిక్షణ ఓడ ఐఎన్ఎస్ తరంగిణి ఉంది. గోవాలో కట్టి 1997లో సేవలోకి తెచ్చిన ఈ మూడు కొయ్యల ఓడ బార్క్. బ్రిటన్ వెళ్లే తెలుగువారు మాత్రం లండన్‌తో ఆగిపోకుండా హార్టిల్‌పూల్ దాకా వెళ్లి, మన వడ్రంగుల చేతిపనిని ఒకసారి చూసి రావాలి.